నాలుగు అంకెలతో కాలేయానికి లెక్క: బస్తర్‌లో దాన్ని ఎలా చదవాలి?

కాలేయంలో కొవ్వు చేరిందని అల్ట్రాసౌండ్ స్కాన్ చెబుతుంది. ఆ కొవ్వు కాలేయాన్ని ఎంతవరకు దెబ్బతీసిందో మాత్రం మామూలు స్కాన్ చెప్పలేదు. ఫ్యాటీ లివర్ ఉన్నవారిలో చాలామందికి దానివల్ల జీవితాంతం పెద్ద ఇబ్బంది రాకపోవచ్చు. కొద్దిమందిలో మాత్రం అది ఏళ్ల తరబడి చప్పుడు లేకుండా ముదిరి, కాలేయాన్ని గట్టిపరిచి, సిర్రోసిస్‌కో క్యాన్సర్‌కో దారితీస్తుంది. ఆ కొద్దిమంది ఎవరో ముందుగా పట్టుకోవడమే అసలు సమస్య.

ఒకప్పుడు దీనికి నమ్మదగిన దారి బయాప్సీ ఒక్కటే. ఇప్పుడు ఏ చిన్న ల్యాబ్‌లోనైనా చేసే మామూలు రక్తపరీక్షల అంకెలతోనే తొలి అంచనా వేయవచ్చు. ఖరీదైన యంత్రాలు, కాలేయ నిపుణులు అందుబాటులో లేని చోట ఈ పద్ధతుల విలువ మరింత ఎక్కువ. ఛత్తీస్‌గఢ్‌లోని బస్తర్ అలాంటి చోటే. అయితే మలేరియా, సికిల్ సెల్, రక్తహీనత ఉన్న ఆ ప్రాంతంలో ఇవే అంకెలు కాలేయం సంగతే కాకుండా వేరే సంగతులు కూడా చెబుతాయి. దేన్ని దేనిగా చదవాలో తెలియకపోతే, ఆరోగ్యంగా ఉన్న మనిషిని మూడు వందల కిలోమీటర్ల దూరంలోని రాయ్‌పూర్‌కు పరుగెత్తించే ప్రమాదం ఉంది. నిజంగా జబ్బు ముదిరిన మనిషికి ‘ఏమీ లేదు’ అని చెప్పి ఇంటికి పంపే ప్రమాదమూ ఉంది.

కొవ్వు కంటే మచ్చే ముఖ్యం

కాలేయ కణాల్లో 5 శాతానికి మించి కొవ్వు కనిపిస్తే దాన్ని ఫ్యాటీ లివర్ అంటారు. మద్యంతో సంబంధం లేకుండా వచ్చేదాన్ని చాలాకాలం ‘నాన్ ఆల్కహాలిక్ ఫ్యాటీ లివర్ డిసీజ్’ అని పిలిచారు. 2023లో అంతర్జాతీయ కాలేయ వైద్య సంఘాలు కలిసి ఆ పేరును మార్చి, మధుమేహం, ఊబకాయం, రక్తపోటు వంటి జీవక్రియ లోపాలతో ముడిపెట్టి ‘మాసల్డ్’ అనే కొత్త పేరు పెట్టాయి.

కొవ్వు పేరుకున్న కణాలు కొందరిలో వాచి, దెబ్బతింటాయి. పుండు మానిన చోట చర్మం మీద మచ్చ మిగిలినట్టే, దెబ్బతిన్న కాలేయంలోనూ నారలాంటి కొల్లాజెన్ పేరుకుంటుంది. దీన్నే ఫైబ్రోసిస్ అంటారు. వైద్యులు దీన్ని ఎఫ్0 నుంచి ఎఫ్4 వరకు ఐదు దశలుగా చూస్తారు. ఎఫ్0 అంటే మచ్చ లేదు. ఎఫ్4 అంటే సిర్రోసిస్. రోగి భవిష్యత్తును నిర్ణయించేది కాలేయంలో ఎంత కొవ్వు ఉందన్నది కాదు, ఎంత మచ్చ ఉందన్నదే అని ఏళ్ల తరబడి రోగులను గమనించిన అధ్యయనాలు తేల్చాయి.

మన దేశంలో సమస్య చిన్నదేమీ కాదు. అనేక భారతీయ అధ్యయనాలను కలిపి విశ్లేషించి 2022లో ప్రచురించిన అంచనా ప్రకారం పెద్దవారిలో సుమారు 38.6 శాతం మందికి ఫ్యాటీ లివర్ ఉంది. హైదరాబాద్‌లోని 345 మంది ఐటీ ఉద్యోగులను పరీక్షించిన అధ్యయనం 2025లో వెలువడింది. అందులో 84 శాతం మందిలో ఇది కనిపించింది.

కుర్చీలో కూర్చుని పనిచేసే నగరవాసుల జబ్బని దీన్ని కొట్టిపారేయడానికి కూడా లేదు. పశ్చిమ బెంగాల్ గ్రామీణ ప్రాంతంలో 1,911 మంది పెద్దవారిని పరీక్షించి 2010లో ప్రచురించిన అధ్యయనంలో 8.7 శాతం మందికి ఫ్యాటీ లివర్ తేలింది. వారిలో నాలుగింట మూడొంతుల మంది శరీర బరువు సూచీ 25 కంటే తక్కువే. అంటే వాళ్లు లావుగా లేరు. పొలం పని చేసుకునే బక్కపలచని మనిషికి కూడా కాలేయంలో కొవ్వు, మచ్చ ఉండవచ్చు. బస్తర్‌కు ఈ పాఠం నేరుగా వర్తిస్తుంది.

సూది నుంచి రక్తపరీక్షకు

బయాప్సీలో పక్కటెముకల మధ్య నుంచి సూది గుచ్చి కాలేయం ముక్కను తీస్తారు. ఆ ముక్క మొత్తం కాలేయంలో సుమారు 50 వేల వంతు మాత్రమే. మచ్చ కాలేయమంతా ఒకే తీరుగా ఉండదు కాబట్టి, సూది పడిన చోటును బట్టి ఫలితం మారుతుంది. నొప్పి, అరుదుగా రక్తస్రావం, ఆసుపత్రిలో ఉండాల్సి రావడం, ముక్కను చదవగలిగే పాథాలజిస్టు అవసరం సరేసరి. దేశంలో ప్రతి ముగ్గురిలో ఒకరికి పైగా ఉన్న జబ్బుకు ఇది తొలి పరీక్ష కాలేదు.

అందుకే పరిశోధకులు రక్తం వైపు చూశారు. రక్తంలో దొరికే సూచికలు రెండు రకాలు. మొదటి రకం పరోక్షమైనవి. కాలేయం గట్టిపడినప్పుడు శరీరంలో వచ్చే మార్పులను ఇవి చూపుతాయి. రెండో రకం ప్రత్యక్షమైనవి. మచ్చ కట్టే పనిలో విడుదలయ్యే పదార్థాలనే ఇవి కొలుస్తాయి. పరోక్ష సూచికల్లో అందరూ ఎక్కువగా వాడేది ఫిబ్-4.

లెక్క ఇదీ

ఫిబ్-4 సూత్రం 2006లో వెలువడింది. హెచ్ఐవీ, హెపటైటిస్-సి రెండూ ఉన్న రోగుల కోసం దాన్ని తయారుచేశారు. తర్వాత ఫ్యాటీ లివర్‌కు కూడా పనికొస్తుందని తేలింది. దీనికి కావాల్సినవి నాలుగే: వయసు, ఎస్‌జీఓటీ (దీన్నే ఏఎస్‌టీ అంటారు), ఎస్‌జీపీటీ (దీన్నే ఏఎల్‌టీ అంటారు), ప్లేట్‌లెట్ల సంఖ్య.

వయసును ఎస్‌జీఓటీతో గుణించాలి. ప్లేట్‌లెట్ల సంఖ్యను ఎస్‌జీపీటీ వర్గమూలంతో గుణించాలి. మొదటి ఫలితాన్ని రెండోదానితో భాగించాలి. రిపోర్టులో ప్లేట్‌లెట్లు 2.4 లక్షలు అని ఉంటే లెక్కలో వేలల్లో, అంటే 240గా తీసుకోవాలి.

ఉదాహరణకు 48 ఏళ్ల మనిషి ఎస్‌జీఓటీ 40, ఎస్‌జీపీటీ 49, ప్లేట్‌లెట్లు 2.4 లక్షలు అనుకుందాం. పైన 48 × 40 = 1,920. కింద 49 వర్గమూలం 7 కాబట్టి 240 × 7 = 1,680. భాగిస్తే 1.14 వస్తుంది.

1.3 కంటే తక్కువ వస్తే తీవ్రమైన ఫైబ్రోసిస్ ఉండే అవకాశం చాలా తక్కువ. 2.67 దాటితే ఎక్కువ. మధ్యలో పడితే మరో పరీక్ష కావాలి. 65 ఏళ్లు దాటినవారికి కింది గీతను 1.3కు బదులు 2.0గా తీసుకోమని నిపుణులు సూచిస్తారు. 35 ఏళ్ల లోపువారిలో ఈ లెక్క అంతగా నమ్మదగినది కాదు.

ఈ నాలుగు అంకెలే ఎందుకు? కాలేయం గట్టిపడితే పేగుల నుంచి వచ్చే రక్తానికి దారి ఇరుకవుతుంది. ఆ ఒత్తిడి వెనక్కి తన్ని ప్లీహం ఉబ్బుతుంది. ఉబ్బిన ప్లీహం ప్లేట్‌లెట్లను తనలో నిలవేసుకుంటుంది. పైగా ప్లేట్‌లెట్ల తయారీకి సంకేతమిచ్చే థ్రాంబోపోయెటిన్ హార్మోన్ ప్రధానంగా కాలేయంలోనే పుడుతుంది. కాలేయం దెబ్బతింటే అదీ తగ్గుతుంది. అందుకే ప్లేట్‌లెట్లు పడిపోవడం ముదిరిన కాలేయ జబ్బుకు గుర్తు. ఇక ఎస్‌జీఓటీ, ఎస్‌జీపీటీ కాలేయ కణాల్లో ఉండే ఎంజైములు. కణం దెబ్బతింటే రక్తంలోకి కారతాయి. కొవ్వు మాత్రమే ఉన్న దశలో సాధారణంగా ఎస్‌జీపీటీ ఎక్కువగా ఉంటుంది. మచ్చ ముదిరేకొద్దీ ఎస్‌జీఓటీ దాన్ని దాటిపోతుంది. వయసు పెరిగేకొద్దీ మచ్చ పేరుకోవడానికి దొరికిన కాలమూ పెరుగుతుంది.

ఇక్కడ గమనించాల్సిన విషయం ఒకటుంది. ఈ నాలుగు అంకెల్లో ఏ ఒక్కటీ కాలేయానికి మాత్రమే చెందినది కాదు.

బస్తర్‌లో ఒక్కో అంకె వెనక

ప్లేట్‌లెట్లు: బస్తర్ డివిజన్ దేశంలో మలేరియా భారం ఎక్కువగా మోసిన ప్రాంతాల్లో ఒకటి. 2020 జనవరిలో మొదలైన ‘మలేరియా ముక్త్ బస్తర్’ కార్యక్రమంలో సిబ్బంది ఇంటింటికీ వెళ్లి, జ్వరం ఉన్నా లేకపోయినా అందరికీ పరీక్ష చేశారు. మలేరియా ఉన్నట్టు తేలినవారిలో చాలామందికి ఏ లక్షణమూ లేదు. మలేరియాలో ప్లేట్‌లెట్లు పడిపోతాయి. పదేపదే మలేరియా వచ్చినవారిలో ప్లీహం కూడా ఉబ్బుతుంది. పై ఉదాహరణలోని మనిషికే మలేరియా సోకి ప్లేట్‌లెట్లు లక్షకు దిగితే, 1,920ని 700తో భాగించాలి. స్కోరు 2.74. కాలేయంలో ఏ మార్పూ లేకుండానే అతను ‘భయం లేదు’ గడి నుంచి ‘తీవ్రం’ గడిలోకి వెళ్లిపోయాడు.

ప్లేట్‌లెట్లు అటువైపు కూడా మోసం చేయగలవు. ఇనుము లోపంతో వచ్చే రక్తహీనతలో అవి తరచు పెరుగుతాయి. అలాంటప్పుడు స్కోరు తగ్గి, ఉన్న జబ్బు మరుగున పడవచ్చు. 48 ఏళ్ల మహిళకు ఎస్‌జీఓటీ 60, ఎస్‌జీపీటీ 49 ఉండి, ప్లేట్‌లెట్లు 2.4 లక్షలైతే స్కోరు 1.71. మరో పరీక్ష తప్పనిసరి. రక్తహీనత వల్ల ప్లేట్‌లెట్లు 4 లక్షలు ఉంటే స్కోరు 1.03కు దిగుతుంది. ఆమెను ఇంటికి పంపేస్తారు.

ఎస్‌జీఓటీ: ఈ ఎంజైము గుండెలో, కండరాల్లో, ఎర్ర రక్తకణాల్లో కూడా ఉంటుంది. మధ్య భారత గిరిజన ప్రాంతాల్లో సికిల్ సెల్ జబ్బు పెద్ద సమస్య. 2047 నాటికి దాన్ని ప్రజారోగ్య సమస్యగా లేకుండా చేయాలని కేంద్రం 2023 జులై 1న జాతీయ కార్యక్రమాన్ని ప్రారంభించింది. ఈ జబ్బులో ఎర్రకణాలు కొడవలి ఆకారంలోకి మారి త్వరగా చితికిపోతాయి. వాటిలోని ఎస్‌జీఓటీ రక్తంలో కలుస్తుంది. అంటే కాలేయం బాగున్నా అంకె పెరుగుతుంది. దీనికి తోడు ప్లీహం పని మానేస్తే ప్లేట్‌లెట్లు పెరుగుతాయి, ఉబ్బితే తగ్గుతాయి. అందుకే సికిల్ సెల్ జబ్బు ఉన్నవారిలో ఫిబ్-4ను ఉన్నది ఉన్నట్టుగా నమ్మడం కుదరదు. ఎర్రకణాల ఆయుష్షు తగ్గడంవల్ల మధుమేహానికి చేసే హెచ్‌బీఏ1సీ పరీక్ష కూడా వీరిలో తప్పుదారి పట్టిస్తుంది.

బరువులు మోసే కఠిన శ్రమ తర్వాత కండరాల నుంచి కూడా ఎస్‌జీఓటీ విడుదలవుతుంది. నమూనా ప్రయాణం మరో చిక్కు. ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం 2019లో వారపు సంతల్లో హాట్ బజార్ క్లినిక్‌లు ప్రారంభించింది. అలాంటి చోట తీసిన రక్తం ఎండలో, గతుకుల దారిలో ల్యాబ్‌కు చేరేలోగా గొట్టంలోనే ఎర్రకణాలు చితికితే ఎస్‌జీఓటీ పెరుగుతుంది. ప్లేట్‌లెట్లు గుంపులుగా అతుక్కుంటే యంత్రం వాటిని తక్కువగా లెక్కిస్తుంది. ఈ రెండూ కలిసి స్కోరును పైకే నెడతాయి.

వయసు: ఇది అన్నింటికంటే తేలికైన అంకెలా కనిపిస్తుంది. పుట్టిన తేదీ రాసిపెట్టుకోని ఊళ్లలో కార్డు మీద ఉన్న వయసు చాలాసార్లు ఎవరో వేసిన అంచనా. ఫిబ్-4లో వయసు నేరుగా గుణకం. అది 20 శాతం తప్పితే స్కోరూ 20 శాతం తప్పుతుంది. మొదటి ఉదాహరణలోని 48 ఏళ్ల మనిషి కార్డులో 58 అని ఉంటే 1.14 కాస్తా 1.38 అవుతుంది. గీత దాటిపోతుంది.

‘లేదు’ అన్నప్పుడే ఎక్కువ నమ్మకం

ఇన్ని చిక్కులున్నప్పుడు ఈ లెక్క ఎందుకు అనిపించవచ్చు. జబ్బు ఎవరికి ‘లేదో’ చెప్పడంలో దాని బలం ఉంది.

ఊహకు ఒక లెక్క చూద్దాం. వెయ్యి మందిలో 50 మందికి తీవ్రమైన ఫైబ్రోసిస్ ఉందనుకుందాం. పరీక్ష జబ్బున్నవారిలో 70 శాతం మందిని, జబ్బు లేనివారిలో 80 శాతం మందిని సరిగ్గా గుర్తిస్తుందనుకుందాం. అప్పుడు 50 మందిలో 35 మంది దొరుకుతారు, 15 మంది తప్పిపోతారు. మిగతా 950 మందిలో 190 మందికి లేని జబ్బు ఉన్నట్టు చూపుతుంది. ‘లేదు’ అన్న 775 మందిలో 760 మందికి నిజంగానే లేదు, అంటే 98 శాతం సరైన మాట. ‘ఉండవచ్చు’ అన్న 225 మందిలో మాత్రం నిజంగా ఉన్నవారు 35 మందే. ఆరుగురిలో ఒకరు.

పరీక్ష చెడ్డదై ఇలా జరగలేదు. అరుదైన దాన్ని పెద్ద గుంపులో వెతికినప్పుడు ఏ పరీక్షకైనా ఇదే గతి. కాబట్టి ఫిబ్-4ను తీర్పుగా చూడకూడదు, జల్లెడగా చూడాలి. నాలుగింట మూడొంతుల మందిని ఊరు దాటించకుండానే నిశ్చింతగా పంపగలగడం, నిపుణులు దూరంగా ఉన్న చోట పెద్ద లాభం. మిగిలినవారికి రెండో మెట్టు కావాలి.

రెండో మెట్టు

మొదటిది ప్రత్యక్ష సూచికలతో చేసే ఈఎల్ఎఫ్ రక్తపరీక్ష. ఇది మూడు పదార్థాలను కొలుస్తుంది: మచ్చలో పేరుకునే హైలురోనిక్ ఆమ్లం, కొత్త కొల్లాజెన్ అల్లుకునేటప్పుడు తెగిపడే ప్రోటీన్ ముక్క, మచ్చను కరిగించే ఎంజైములను అడ్డుకునే మరో ప్రోటీన్. ఇల్లు కడుతున్న చోట ఇటుక ముక్కలు, సిమెంటు సంచులు చూసి పని ఎంత జోరుగా సాగుతోందో ఊహించడం లాంటిదే ఇది. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2021 ఆగస్టులో దీనికి అనుమతినిచ్చింది. స్కోరు 9.8 దాటితే జబ్బు ముదిరే ప్రమాదం పెరుగుతుంది, 11.3 దాటితే చాలా ఎక్కువ. ఖర్చు ఎక్కువ, ప్రత్యేక యంత్రం కావాలి. శరీరంలో మరోచోట మచ్చ కడుతున్నా, వాపు ఉన్నా ఈ అంకె పెరగవచ్చు.

రెండోది ఫైబ్రోస్కాన్. ఇది రక్తపరీక్ష కాదు, భౌతికశాస్త్రం. పక్కటెముకల మధ్య చర్మాన్ని యంత్రం మెల్లగా తడుతుంది. ఆ కంపన తరంగం కాలేయంలో ఎంత వేగంగా పోతోందో అల్ట్రాసౌండ్ కొలుస్తుంది. మెత్తని పదార్థంలో తరంగం నెమ్మదిగా, గట్టిదానిలో వేగంగా వెళ్తుంది. ఆరోగ్యకరమైన కాలేయం గట్టిదనం 5 కిలోపాస్కల్స్ అయితే వేగం సెకనుకు సుమారు 1.3 మీటర్లు. 12 కిలోపాస్కల్స్ అయితే 2 మీటర్లు. 8 కంటే తక్కువ ఉంటే తీవ్రమైన ఫైబ్రోసిస్ ఉండే అవకాశం తక్కువ. కనీసం మూడు గంటలు ఏమీ తినకుండా చేయించుకోవాలి. తిన్న వెంటనే చేస్తే కాలేయానికి రక్తం ఎక్కువగా వచ్చి గట్టిగా ఉన్నట్టు చూపుతుంది.

ఇప్పసారా, జీలుగు కల్లు

ఫ్యాటీ లివర్‌కు ఏ పేరు పెట్టాలన్నది మద్యం మోతాదు మీద ఆధారపడుతుంది. మగవారిలో రోజుకు సగటున 30 గ్రాములు, ఆడవారిలో 20 గ్రాముల ఆల్కహాల్ దాటితే అది కేవలం జీవక్రియ లోపాల వల్ల వచ్చిన జబ్బు కాదు. రెండు కారణాలూ కలిసిన మరో కోవలోకి వస్తుంది. మగవారిలో 60, ఆడవారిలో 50 దాటితే మద్యం జబ్బే.

సీసా మీద శాతం రాసి ఉన్న చోట గ్రాములు లెక్కించడం తేలిక. బస్తర్‌లో ఇప్పసారా, సల్ఫీ అని పిలిచే జీలుగు కల్లు, బియ్యంతో చేసే లందా పండగలో, సంతలో, పెళ్లిలో భాగం. ఆకు దొప్పతోనో సొరకాయ బుర్రతోనో కొలిచే ఈ పానీయాల ఘాటు ఇంటింటికీ మారుతుంది. ‘తాగుతావా?’ అని గద్దించినట్టు అడిగితే నిజం బయటికి రాదు. ఏది, ఎన్ని దొప్పలు, వారానికి ఎన్నిసార్లు అని ఊరి మాటలో అడిగే ఆరోగ్య కార్యకర్త ఇక్కడ ఏ ల్యాబ్‌కూ తీసిపోడు. ఎస్‌జీఓటీ ఎస్‌జీపీటీకి రెండు రెట్లు దాటితే మద్యం వైపు అనుమానం బలపడుతుంది.

అంకె చూశాక ఏం చేయాలి?

కేంద్ర ఆరోగ్య శాఖ 2021 ఫిబ్రవరిలో ఫ్యాటీ లివర్‌ను మధుమేహం, క్యాన్సర్, గుండె జబ్బుల నివారణ జాతీయ కార్యక్రమంలో చేర్చింది. అందువల్ల ఈ లెక్క ఇకపై పెద్ద నగరాల ఆసుపత్రులకే పరిమితం కాదు. సుక్మా, బీజాపూర్ జిల్లాల్లో తెలుగుకు దగ్గరైన దోర్లీ మాట్లాడేవారిలో కొందరు వైద్యానికి భద్రాచలం వస్తుంటారు. మన ఏజెన్సీ ప్రాంతాల్లోనూ మలేరియా, సికిల్ సెల్ ఉన్నాయి. కాబట్టి బస్తర్‌లో వర్తించే జాగ్రత్తలు గోదావరికి ఇవతల కూడా వర్తిస్తాయి.

స్కోరు ఎక్కువ వస్తే ముందుగా మలేరియా, సికిల్ సెల్, హెపటైటిస్-బి, సి పరీక్షలు చూడాలి. మలేరియా ఉంటే చికిత్స పూర్తయి, ప్లేట్‌లెట్లు కోలుకున్నాక రక్తపరీక్ష మళ్లీ చేసి లెక్కించాలి. సాధారణంగా దీనికి కొన్ని వారాలు చాలు. మచ్చ ఏర్పడటానికి ఏళ్లు పడుతుంది కాబట్టి, ఆ కొద్ది వారాల ఆలస్యంవల్ల నష్టం లేదు. కామెర్లు, పొట్టలో నీరు, రక్తపు వాంతి ఉంటే మాత్రం ఏ స్కోరు కోసమూ ఆగకూడదు. వెంటనే పెద్దాసుపత్రికి పంపాలి.

స్కోరు తక్కువ వచ్చినంత మాత్రాన పరీక్ష ముగిసినట్టు కాదు. రక్తహీనత ఉందేమో, ప్లేట్‌లెట్లు మామూలు కంటే ఎక్కువగా ఉన్నాయేమో చూడాలి. మధుమేహం ఉన్నవారు ఒకటి రెండేళ్లకోసారి, ఇతరులు రెండు మూడేళ్లకోసారి లెక్క మళ్లీ వేయించుకోవడం మంచిది. ఒక్కసారి వచ్చిన అంకె కంటే, అది ఏళ్లు గడిచేకొద్దీ ఎటు పోతోందన్నదే ఎక్కువ చెబుతుంది.

దశ తెలుసుకోవడం వల్ల చికిత్సా మారుతుంది. అమెరికాలో 2024 మార్చిలో రెస్మెటిరోమ్‌కు, 2025 ఆగస్టులో సెమాగ్లూటైడ్‌కు ఈ జబ్బుకు వాడేందుకు అనుమతి వచ్చింది. రెండూ ఎఫ్2, ఎఫ్3 దశల వారికే. సిర్రోసిస్ వచ్చాక ఆ అనుమతి వర్తించదు. మందులు అందని చోట కూడా చేయగలిగింది ఉంది. అధిక బరువు ఉన్నవారు 7 నుంచి 10 శాతం తగ్గితే కాలేయంలో వాపు, మచ్చ తగ్గే అవకాశం ఉంది. మద్యం మానడం, మధుమేహాన్ని అదుపులో ఉంచడం, హెపటైటిస్-బి టీకా వేయించుకోవడం ఏ దశలోనైనా మేలు చేస్తాయి.

జగదల్‌పూర్ వైద్య కళాశాల ఆసుపత్రిలోనైనా, సంతలోని క్లినిక్‌లోనైనా ఫిబ్-4 లెక్కకు పట్టే సమయం ఒక్క నిమిషమే. అంకె రాసే కాగితం మీదే ‘మలేరియా పరీక్ష చేశారా, సికిల్ సెల్ ఉందా, రక్తహీనత ఉందా, వయసు రూఢి అయిందా’ అనే నాలుగు ప్రశ్నలకూ చోటు ఉంచితే చాలు. అప్పుడే ఆ అంకె కాలేయం గురించి మాట్లాడుతోందో, మరో జబ్బు గురించి మాట్లాడుతోందో తెలుస్తుంది.